గ్యాస్ వచ్చింది, పొగ పోలేదు

నవంబరు చివర్లో తెల్లవారుజామున దేవరకొండ వైపు ఏ ఊళ్లోకి వెళ్లినా ఇంచుమించు ఇదే కనిపిస్తుంది. వంటింట్లో గ్యాస్ పొయ్యి మీద చాయ్ మరుగుతుంటుంది. అదే ఇంటి వెనక గోడను ఆనుకుని మూడు రాళ్ల మీద నీళ్ల కాగు, దాని కింద నిరుటి పత్తికట్టె. మంచుకు చెమ్మగిల్లిన కట్టె కాబట్టి మంట కన్నా పొగే ఎక్కువ. చలికాలం పొద్దున గాలి కదలదు. ఆ పొగ పైకి పోలేక రేకుల చూరు కింద కాసేపు తచ్చాడి, తెరిచి ఉన్న వెనక తలుపులోంచి ఇంట్లోకే వస్తుంది. లోపల పిల్లలు ఇంకా నిద్ర లేవలేదు. సర్కారు లెక్కలో ఇది శుభ్రమైన ఇంధనం వాడే ఇల్లు.

ఆ లెక్కలో అబద్ధమేమీ లేదు. 2019-20 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదింట తొమ్మిదికి పైగా ఇళ్లు గ్యాస్ లాంటి శుభ్రమైన ఇంధనంతోనే వండుకుంటున్నాయి. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన దీపం పథకం, 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్వల, వీటికి తోడు జనం సొంతంగా కొనుక్కున్న కనెక్షన్లు కలిసి ఇరవై ఏళ్లలో తెచ్చిన మార్పు ఇది. చిన్న మార్పేమీ కాదు. అయితే సర్వే అడిగేది వంటకు ప్రధానంగా ఏం వాడతారని. రెండో పొయ్యి ఆ ప్రశ్నలోకి రాదు. స్నానాల నీళ్లు వంట కిందకే రావు. సాయంత్రం జొన్నరొట్టెలకు, ఎడ్లకు ఉలవలు ఉడకేయడానికి, పండక్కి అప్పాలు కాల్చడానికి రాజేసే పొయ్యి ‘ప్రధానం’ అనిపించుకోదు. పొగ మాత్రం ప్రధానమా, అప్రధానమా అని చూసుకుని ఊపిరితిత్తుల్లోకి వెళ్లదు కదా.

రెండో పొయ్యి ఎందుకు మిగిలిందంటే బద్ధకమో అజ్ఞానమో అనేయడం తేలిక. కానీ లెక్క వేరే ఉంది. నల్లగొండ, పాలమూరు చెల్కల్లో ఎటు చూసినా పత్తే. చేను మళ్లీ దున్నాలంటే కట్టె పీకాల్సిందే. పీకిన కట్టెకు పైసా ఖర్చు లేదు, ఇంటికి చేరితే ఏడాదంతా మంట. కంది కొట్టాక మిగిలే కట్టె, చెరువు కట్ట మీది సర్కారు తుమ్మ సరేసరి. సిలిండర్‌కు మాత్రం ఒకేసారి నోట్లు తీయాలి. 2024 ఫిబ్రవరి నుంచి మహాలక్ష్మి పథకం కింద అర్హులకు 500 రూపాయలకే సిలిండర్ ఇస్తున్నారు. అందులోనూ ఏడాదికి ఎన్ని సిలిండర్లన్నది ఆ ఇంటి గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి తేల్చారు. కట్టెల మీద ఆధారపడి తక్కువ సిలిండర్లు వాడినవాళ్లకు రాయితీ కూడా తక్కువే దక్కుతుందన్న మాట. పొగలో ఎక్కువగా మగ్గిన ఇంటికే ఈ లెక్క ఎదురు తగులుతుంది.

ఇక ధూళి సంగతి. పీఎం 2.5 అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా సన్నగా ఉండే కణాలు. తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు, ముప్పయ్యో వంతు అనుకోవచ్చు. పత్తి తొక్కి నింపిన అర్రలో ఎగిరే నూగు, రోడ్డు మీది దుమ్ము చాలావరకు ఇంతకన్నా లావు. లావు కణాన్ని ముక్కు, గొంతు ఆపుతాయి. తుమ్ముతాం, దగ్గుతాం, కళ్లెలో పోతుంది. సన్న కణానికి ఆ కాపలా లేదు. నేరుగా ఊపిరితిత్తుల చివర గాలి బుడగల దాకా దిగుతుంది. మరీ సన్నవైతే రక్తంలోకీ చేరతాయి. కంటికి ఆనవు, నేలకు తొందరగా దిగవు. పొగ కనబడడం ఆగిపోయాక కూడా మూసిన గదిలో గంటల తరబడి తేలుతూనే ఉంటాయి. ‘పొగ పోయిందిలే’ అని తలుపేసుకుని పడుకునే సమయానికి గదిలో ఉండేది సరిగ్గా ఈ సరుకే.

ఎంత ధూళి ఉంటే ఎక్కువ? మన దేశంలో బయటి గాలికి పెట్టిన హద్దు ఘనపు మీటరుకు రోజు సగటున 60 మైక్రోగ్రాములు, ఏడాది సగటున 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన సూచనను ఇంకా కిందకి దించి రోజుకు 15, ఏడాదికి 5 అంది. ఇళ్ల లోపలి గాలికి మన దగ్గర చట్టబద్ధమైన హద్దంటూ లేదు. మైక్రోగ్రాము అంటే ఎవరికీ ఊహకు అందదు కాబట్టి జొన్నగింజతో కొలుద్దాం. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో పట్టేది సుమారు 28 ఘనపు మీటర్ల గాలి. అందులో 60 హద్దు నిండాలంటే మొత్తం ధూళి 1.7 మిల్లీగ్రాములు ఉంటే చాలు. ఒక జొన్నగింజ బరువు ఇంచుమించు 30 మిల్లీగ్రాములు. దాన్ని పదిహేడు పద్దెనిమిది ముక్కలు చేసి అందులో ఒక్క ముక్కను పిండి చేసి గదంతా చల్లితే హద్దుకు చేరినట్టే. కిలో కట్టె మామూలు పొయ్యిలో కాలితే వెలువడే సన్న ధూళి కొన్ని గ్రాములుంటుంది. ఒక్క గ్రామే అనుకున్నా, అలాంటి ఐదు వందలకు పైగా గదులను హద్దు దాటించడానికి సరిపోతుంది. అందులో చాలా భాగం పెంకుల సందుల్లోంచి, తలుపుల్లోంచి బయటికి పోతుంది కాబట్టే ఇళ్లలో మనుషులు తిరగగలుగుతున్నారు. పెంకుటిళ్లు పోయి స్లాబు ఇళ్లు వచ్చాక ఆ సందులూ పోయాయి. మిగిలింది వంటింట్లో అటక పక్కన ఒక చిన్న జాలీ కిటికీ. దానికీ చాలా ఇళ్లలో దోమలు రాకుండా అట్ట కొట్టి ఉంటుంది.

ఇవి కాగితం మీది లెక్కలే కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాల పల్లెల్లో 420 ఇళ్ల గాలిని కొలిచిన అధ్యయనం 2004లో వెలువడింది. అప్పట్లో వాళ్లు కొలిచింది ఇంకాస్త లావు కణాలను కూడా కలిపి. ఘన ఇంధనం వాడే ఇళ్లలో రోజు సగటు 732 మైక్రోగ్రాముల దాకా వెళ్లింది. గ్యాస్ వాడే ఇళ్లలో 73. పది రెట్ల తేడా అంటే గ్యాస్ గొప్పదనం చెప్పకనే చెప్పినట్టు. కానీ ఆ 73ను కూడా ఓసారి చూడాలి. గ్యాస్ మీద వండినా గాలి పూర్తిగా తేటపడలేదు. పక్కింటి పొయ్యి, వీధి చివర చెత్త మంట, రోడ్డు దుమ్ము అన్నీ గుమ్మం దాటి వస్తాయి. పొగకు ప్రహరీ గోడ అడ్డం కాదు.

ఆ తర్వాత హైదరాబాద్‌కు ఆగ్నేయంగా, అంటే నల్లగొండ దారి వైపు, 28 ఊళ్లలో ఇంకో పెద్ద పరిశీలన జరిగింది. ఊరి వాళ్ల ఒంటికి గాలిని కొలిచే పరికరాలు కట్టి, మెడలో చిన్న కెమెరాలు వేసి, ఎవరు ఏ పని చేస్తున్నప్పుడు ఎంత ధూళి పీలుస్తున్నారో చూశారు. అక్కడి బయటి గాలిలో పీఎం 2.5 ఏడాది సగటు సుమారు 33. మన హద్దు 40కి లోపలే. అయినా 3,700 మందికి పైగా ఎముకలను స్కాన్ చేసి చూస్తే, గాలిలో ధూళి ఎక్కువున్న చోట ఉండేవాళ్లలో ఎముక సాంద్రత తక్కువగా కనిపించింది. ఈ ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. కట్టెల పొయ్యి వాడకానికి, ఎముకలకు మాత్రం అందులో స్పష్టమైన లంకె దొరకలేదు. ఆ మాటా చెప్పాలి. పొగ మీద కోపంతో ప్రతి నొప్పినీ దానికే అంటగడితే, తీరా రుజువున్న జబ్బుల గురించి చెప్పినప్పుడు ఎవరూ నమ్మరు.

రుజువున్నవే కావలసినన్ని. పొగ అనగానే అందరికీ దగ్గు, దమ్ము గుర్తొస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా 32 లక్షల మంది చనిపోయారు. అందులో సగానికి పైగా గుండె జబ్బు, పక్షవాతం ఖాతాలోవే. ఊపిరితిత్తుల చివరి దాకా దిగిన కణం అక్కడ వాపు పుట్టిస్తుంది. ఆ వాపు ఒక్కచోటే ఆగదు. రక్తనాళాల గోడలు బిగుసుకుంటాయి, రక్తం గడ్డ కట్టే గుణం పెరుగుతుంది, బీపీ ఎక్కుతుంది. మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో యాభై ఏళ్ల ఆవిడకు గుండెపోటు వస్తే ఉప్పు, షుగర్, టెన్షన్ అన్నీ లెక్కలోకి వస్తాయి. ముప్పై ఏళ్లు ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు కూర్చున్న సంగతి రాదు. చిన్నపిల్లల్లో న్యుమోనియా ముప్పును ఇంటి పొగ దాదాపు రెట్టింపు చేస్తుంది. ఎప్పుడూ బీడీ ముట్టని ఆడవాళ్లకు ఊపిరితిత్తులు బిగుసుకుపోయే సీఓపీడీ రావడానికి, కళ్లలో శుక్లాలు తొందరగా కమ్మడానికి కూడా ఈ పొగతో లంకె ఉంది. దవాఖానలో దమ్ముతో వచ్చిన మగమనిషిని బీడీ తాగుతావా అని అడుగుతారు. ఆడమనిషిని అదీ అడగరు. నీళ్లు దేని మీద కాగబెడతావమ్మా అని అడిగితే సగం రోగం అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. పొగ సగం తగ్గిస్తే జబ్బు కూడా సగం తగ్గాలి కదా అనిపిస్తుంది. అలా జరగదు. ధూళి తక్కువగా ఉన్నచోట కొంచెం పెరిగినా గుండెకు ముప్పు గబగబా పెరుగుతుంది. బాగా ఎక్కువయ్యాక ఇంకొంత కలిసినా ముప్పు పెరిగే వేగం మందగిస్తుంది. దీన్నే తిరగేసి చూస్తే, బాగా పొగచూరిన ఇంట్లో సగం పొగ తీసేసినా లాభం కొంచెమే కనిపిస్తుంది. పది చెంచాల ఉప్పు పడ్డ కూరలోంచి ఐదు చెంచాలు తీసేసినా ఆ కూర నోట్లో పెట్టలేం. చివరి రెండు మూడు చెంచాలు తీసినప్పుడే అది తినడానికి పనికొస్తుంది. గ్యాస్ తెచ్చుకుని వెనక కాగు పొయ్యి ఉంచుకున్న ఇల్లు ఐదు చెంచాలు తీసిన కూర లాంటిది.

ఈ మాటకు గట్టి ఉదాహరణ ఒకటుంది. తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాలలో కలిపి సుమారు 3,200 మంది గర్భిణులతో ఒక పెద్ద ప్రయోగం చేశారు. సగం మందికి గ్యాస్ పొయ్యి, ఎన్ని సిలిండర్లు కావాలంటే అన్ని ఉచితంగా ఇచ్చారు. వాళ్లు పీల్చే పీఎం 2.5 సుమారు 24కు దిగింది. కట్టెల మీదే వండుకున్న మిగతా సగంలో అది 70 దగ్గర ఉంది. ఇంత తేడా వచ్చినా రెండు వర్గాల్లోనూ పుట్టిన బిడ్డల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2022లో ఈ ఫలితం వచ్చినప్పుడు గ్యాస్ దండగని కొందరు తేల్చేశారు. అది తొందరపాటే. ప్రయోగంలో చేరేసరికే గర్భానికి కొన్ని నెలలు నిండాయి. పైగా 24 కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 5కు దాదాపు ఐదు రెట్లు. గ్యాస్ పొయ్యితో పాటు చుట్టూ గాలి కూడా తేటపడితే తప్ప ఒంటికి పూర్తి లాభం అందదని అర్థం చేసుకోవడం సబబు.

కట్టెల పొయ్యే లేని పట్నం ఇళ్లు కూడా నిశ్చింతగా ఉండడానికి లేదు. సాయంత్రం ఆరింటికి కిటికీలన్నీ మూసి దోమల కాయిల్ వెలిగించడం నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో ఇంటింటా జరిగే పని. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్న ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత ఉంటుందని 2003లో వచ్చిన అధ్యయనం ఒకటి చెబుతుంది. కాయిల్‌లో దోమల మందు కొంచెమే. మిగతాదంతా రంపపు పొట్టు, కొబ్బరి చిప్పల పొడి లాంటిది, అది రాత్రంతా నెమ్మదిగా కాలుతుంది. ‘మేం కాయిల్ వాడం, వేపాకు పొగే వేస్తాం’ అనే ఇళ్లూ ఉన్నాయి. వేపాకు పొగ కూడా పొగే. చెట్టు మంచిదైనంత మాత్రాన దాని పొగకు ఊపిరితిత్తుల్లో మర్యాద దక్కదు. దోమతెరకు మించిన మందు దోమకు లేదు, కానీ ఉక్కపోతకు తట్టుకోలేక తెర తీసేస్తారు. అగరుబత్తీ ఒకటి రెండు వెలిగిస్తే కిటికీ తీసి ఉంచినంత వరకు పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. గాలాడని చిన్న దేవుడి గదిలో పొద్దస్తమానం కట్టలు వెలిగిస్తే మాత్రం అదే లెక్క.

అన్నిటికన్నా కలవరపెట్టేది పచ్చి బాలింత గది. కిటికీలకు దుప్పట్లు కడతారు. మంచం పక్కన నిప్పుల కుంపటి పెడతారు. బిడ్డకు నీళ్లు పోశాక ఊదు వేసి, ఆ పొగ మీద బిడ్డను అటూ ఇటూ తిప్పుతూ తల ఆరబెడతారు. “గాలి సోకితే సర్ది చేస్తది” అన్నది అమ్మమ్మ మాట. ఆమె చేసేదంతా ప్రేమతోనే. ఒకప్పటి చలికి, తడి గదులకు అందులో అర్థం కూడా ఉండేది. కానీ పెద్దవాళ్లు నిమిషానికి పదిహేనుసార్లు ఊపిరి తీసే చోట పసిబిడ్డ నలభైసార్లు తీస్తుంది. గాలి బుడగలు ఇంకా తయారవుతున్న ఊపిరితిత్తులవి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ధూళితో పాటు కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా నింపుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీయగలదు. బిడ్డ వెచ్చగా ఉండాలంటే తల్లి ఛాతీకి ఆనించి, పైన గుడ్డ కప్పి, తలకు టోపీ పెడితే చాలు. సర్కారు దవాఖానల్లో బరువు తక్కువ బిడ్డలకు కంగారూ పద్ధతి అని చేయించేది ఇదే. అమ్మమ్మతో వాదనకు దిగితే ఎవరూ గెలవరు. ఊదు కావాలంటే బిడ్డను పక్క అర్రలో పెట్టి, ఖాళీ గదికి వేసి, పొగ పోయాక లోపలికి తేవడం అన్న రాజీకి చాలామంది అమ్మమ్మలు ఒప్పుకుంటారు.

బయటి గాలి సంగతి కొంత కదిలింది. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో హైదరాబాద్, పటాన్‌చెరు, సంగారెడ్డిలతో పాటు నల్లగొండ పేరు కూడా ఉంది. రోడ్లు ఊడ్వడం, నీళ్లు చల్లడం, మొక్కలు నాటడం లాంటి పనులు దాని కింద జరుగుతాయి. ఇవన్నీ ఎక్కువగా లావు దుమ్మును పట్టుకునేవి. ఆ కార్యక్రమం ఏ ఇంటి గుమ్మమూ దాటదు. పొద్దంతా ఇంట్లో ఉండే ముసలమ్మ, బాలింత, పసిబిడ్డ పీల్చేదేంటో పట్టణం నడిబొడ్డున మేడ మీద పెట్టిన మీటరుకు ఎలా తెలుస్తుంది? ఇంకో విచిత్రం. కంటికి తేటగా కనిపించే నీళ్లలో విషం ఉంటుందని నల్లగొండకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ సంస్థ పెట్టిన పేరే ‘నల్లగొండ టెక్నిక్’. ఊరూరా నీళ్ల సీసాలు పరీక్షకు పంపిన జిల్లా ఇది. గాలికి అలాంటి సీసా లేదు, పళ్ల మీద గారలా కనిపించే గుర్తూ లేదు. కొన్ని వేల రూపాయల్లో దొరికే చిన్న మీటర్లు చలికాలం తేమకు కాస్త ఎక్కువ చూపిస్తాయి గానీ, పొయ్యి రాజేయక ముందు, రాజేశాక తేడా ఎంతో చూపించడానికి పనికొస్తాయి. ఊరి బడిలోనో ఆరోగ్య ఉపకేంద్రంలోనో అలాంటిది ఒకటి ఉంచి, వారానికో ఇంటికి ఇచ్చినా చాలా ప్రశ్నలు తేలతాయి.

ఏం చేయొచ్చంటే అన్నీ ఒకే బరువున్న పనులు కావు. గాలిని శుద్ధి చేసే మెషిన్ తలుపులేసిన గదిలో బాగా పనిచేస్తుంది, తలుపు తీసే ఉండే పల్లె ఇంట్లో డబ్బు దండగ. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే ఘాటు తగ్గినట్టు అనిపిస్తుంది గానీ సన్న ధూళి ఆగదు. కుండీల్లో మొక్కలతో కూడా ఈ పని కాదు. వంటింటి గోడకు పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, పోపు వేయడానికి ముందే ఆన్ చేసి, దించాక కూడా పది నిమిషాలు నడిపితే గ్యాస్ ఇళ్లలో బాగానే తేడా వస్తుంది. నూనె మరిగినప్పుడు, ఎండుమిర్చి మాడినప్పుడు వచ్చే పొగలోనూ సన్న ధూళే ఉంటుంది. రొట్టెలకు కట్టెల పొయ్యి తప్పదంటే దాన్ని ఇంటి గోడకు దూరంగా, తలుపుకు ఎదురు కాని చోటికి జరపాలి, కట్టె బాగా ఎండి ఉండాలి. రొట్టె పొంగాలంటే నిప్పుల సెగ కావాలనే మాట రుచి తెలిసినవాళ్ల మాటే, దాన్ని కొట్టిపారేయలేం. అయినా పెనం మీద కాల్చి, చివరికి గ్యాస్ మంట మీద జాలీ పెట్టి పొంగిస్తున్న ఇళ్లూ ఉన్నాయి.

నీళ్ల కాగుకు మాత్రం రుచి సాకు లేదు. అందుకే మొదట ఆర్పాల్సింది దాన్నే. బకెట్లో పెట్టే హీటర్ రాడ్ చౌకే, కానీ స్విచ్ ఆపకుండా నీళ్లలో చెయ్యి పెట్టి షాక్ తిన్న సంఘటనలు కొత్త కాదు. గోడకు బిగించే గీజరు అంతకన్నా భద్రం. పాలమూరు ఎండకు మార్చి వచ్చిందంటే మిద్దె మీది నల్ల ట్యాంకులో నీళ్లు పది గంటలకే కాగి ఉంటాయి. పైపు విప్పితే చేతికి చుర్రుమంటాయి. అప్పటికీ చాలా ఇళ్లలో వెనక పొయ్యి పొద్దున్నే రాజుకుంటూనే ఉంటుంది, అలవాటు కొద్దీ. నిజంగా వేడినీళ్లు కావలసింది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. పొగ చూరు కింద నిలిచిపోయేదీ ఆ నాలుగు నెలలే.